ఏసీ డక్ట్‌లో బూజు: కడిగించాలా, మార్చాలా, తీసేయాలా?

మా ఫ్లాట్ చెన్నైలో షోలింగనల్లూరు వైపు. కొన్నప్పుడే హాలుకీ మాస్టర్ బెడ్‌రూముకీ కలిపి డక్టబుల్ ఏసీ ఉంది, అంటే గోడ మీద యూనిట్ ఏమీ కనపడదు, మెషిన్ ఫాల్స్ సీలింగ్ పైన ఉంటుంది, అక్కడ్నుంచి డక్ట్, అంటే గాలి గొట్టం, వేసి గ్రిల్స్‌లోంచి చల్లగాలి వదులుతుంది. చూడ్డానికి చాలా బావుంటుంది కానీ లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి మా వైపు కరెంటు పోయింది, ఇల్లు మూసేసి నెల్లూరు వెళ్ళిపోయాం, తిరిగొచ్చి ఏసీ వేస్తే గుప్పుమని ముక్క వాసన. నాలుగు రోజులకి తగ్గింది కదా అని వదిలేశాం, అదే తప్పు. మరుసటి వానల్లో మా అత్తయ్య వచ్చి నెల రోజులున్నారు, రోజూ పొద్దున్నే దగ్గు, ముక్కు దిబ్బడ, నెల్లూరు వెళ్తే రెండు రోజుల్లో మామూలైపోయేవారు, మళ్ళీ మా ఇంటికొస్తే మళ్ళీ మొదలు. చివరికి ఆవిడే అన్నారు, "అమ్మాయ్, మీ ఇంట్లో గాలే నాకు పడట్లేదు" అని.

ఆ ఆదివారమే మా ఆయన నిచ్చెన వేసి హాలు గ్రిల్ స్క్రూలు విప్పారు. రెక్కల వెనకంతా ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు. ఫోన్ టార్చ్, వీడియో రెండూ ఆన్ చేసి చెయ్యి లోపలికి పెట్టి అటూ ఇటూ తిప్పి తీశారు, తర్వాత కూర్చుని ఆ వీడియో చూస్తే గ్రిల్ పైన ఉన్న బాక్సు లోపల అతికించిన, గాజుపీచుతో చేసిన గ్లాస్‌వూల్ షీటు సగం నల్లబడి, ఒక మూల ఊడి కిందికి వేలాడుతోంది, నొక్కితే నీళ్ళు ఊరుతున్నాయి. మీరు కూడా ఎవర్నీ పిలవకముందు ఈ పని చేయండి, ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ఎంసీబీ, అంటే మెయిన్ బోర్డులో ఏసీకి ఉండే స్విచ్, ఆఫ్ చేసి మరీ, ఎందుకంటే ఆ వీడియో చేతిలో లేకపోతే వచ్చినవాళ్ళు ఏం చెప్తే అదే నమ్మాల్సొస్తుంది.

మేము ముగ్గుర్ని పిలిచాం. ఒకాయన డక్ట్‌లోకి మందు పొగ కొట్టేస్తాం, గంటలో అయిపోతుంది, 4,500 అన్నాడు. ఇంకో కంపెనీ వాళ్ళు బ్రష్ మెషిను, పెద్ద వాక్యూమ్ పెట్టి డక్ట్ మొత్తం తోమేస్తాం, 22,000 అన్నారు. మూడో ఆయన పెరంబూరు నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన డక్ట్ వైపు చూడనేలేదు, ముందు మెషిన్ కింద ట్రే చూపించమన్నారు. ట్రేలో వేలు పెట్టి తీస్తే వేలికి జిగురుగా, గంజి గడ్డకట్టినట్టు ఒక పొర అంటుకుంది. "నీళ్ళు యాడ నిలస్తా ఉండాయో ముందు అది చూడమ్మా, బూజు మాట తర్వాత" అన్నారు.

ఆవకాయ జాడీలో బూజు కనపడితే మన అమ్మలు పైపొర తీసి ఊరుకోరు, తడి గరిటె పెట్టిందెవరని అడుగుతారు. ఇదీ అంతే. బూజు విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపలేం, దుమ్ము కూడా ఎంతో కొంత ఉంటూనే ఉంటుంది, మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. ఒక వస్తువు తడిసి 24 నుంచి 48 గంటలు ఆరకపోతే బూజు మొదలవుతుంది. అందుకని ఏ ఆప్షన్ తీసుకోవాలో తేల్చుకునే ముందు రెండు ప్రశ్నలకి జవాబు కావాలి: తడి ఎక్కణ్ణుంచి వస్తోంది, బూజు పట్టింది దేనికి, రేకుకా లేక పీల్చుకునే మెత్తటి సరుక్కా. ఈ రెండూ తెలిస్తే మిగతాది దాదాపు దానంతటదే తేలిపోతుంది.

తడి సంగతి ముందు. గాలిని చల్లబరిచే కాయిల్ మీద నీళ్ళు పట్టడం ఏసీకి సహజం, గాలిలో తేమ అలాగే దిగుతుంది, ఆ నీళ్ళు ట్రేలోంచి పైపులోకి పోవాలి. చాలా డక్టబుల్ యూనిట్లలో ట్రే ఉన్న చోట ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతూ ఉంటుంది, అందుకని డ్రెయిన్ పైపుకి యూ ఆకారం వంపు లేకపోతే పైపులోంచి గాలి వెనక్కి లాగబడి నీళ్ళు దిగవు, ట్రేలోనే నిలబడతాయి, ఒక్కోసారి తుంపరలు డక్ట్‌లోకి ఎగురుతాయి. మా ఇంట్లో ఆ వంపే లేదు, పైగా పైపు వాలు కూడా ఉల్టాగా ఉంది. ఇంకో కారణం డక్ట్ పైన చుట్టిన ఇన్సులేషన్ ఎక్కడైనా ఊడిపోవడం, మన చెన్నై తేమకి చల్లటి రేకు బయటపడితే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు చెమట పడుతుంది, అది కారి ఫాల్స్ సీలింగ్ మీద మరకలవుతుంది. పై అంతస్తు వాళ్ళయితే టెర్రస్ లీకు కూడా చూడండి. ఇక రూముకి అవసరమైన దానికన్నా పెద్ద టన్నేజీ వేస్తే, గది అయిదు నిమిషాల్లో చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం గాలిలో అలాగే ఉంటుంది, చల్లగా ఉంటుంది కానీ చెమ్మగా ఉంటుంది. రెండు మూడు వందలకి వచ్చే, తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొని హాల్లో పెట్టండి, ఏసీ నడుస్తున్నప్పుడు 60 శాతం దాటి ఉంటోందంటే ఎంత కడిగినా బూజు మళ్ళీ వస్తుంది. 50కి దగ్గర్లో ఉంటే మంచిది.

ఇంకో మాట, నల్లగా కనపడిందల్లా బూజు కాదు. మా పక్కింటి వాళ్ళ గ్రిల్ మీద నల్ల చారలు చూసి మేమే కంగారుపెట్టేశాం, తీరా చూస్తే పూజగది పక్కనే గది గాలిని మెషిన్ వెనక్కి లాగే రిటర్న్ గ్రిల్, ప్రతి శుక్రవారం సాంబ్రాణి, రోజూ అగరబత్తి, ఆ మసి అంతా అక్కడ పేరుకుంది. విప్పిన గ్రిల్ మీద, కిందపెట్టి, నీళ్ళు కలిపిన బ్లీచ్ రెండు చుక్కలు వేసి ఒకట్రెండు నిమిషాలు చూడండి, రంగు తేలిపోతే బూజు అయ్యే అవకాశం ఎక్కువ, అలాగే ఉంటే దుమ్మో మసో. ఇది కచ్చితమైన టెస్టు కాదు గానీ కంగారు తగ్గించడానికి పనికొస్తుంది. గాలి శాంపిల్ తీసి ల్యాబుకి పంపిస్తాం అంటూ ఎవరైనా డబ్బులడిగితే మాత్రం నేను వద్దనే అంటాను, ఇంట్లో ఇంత బూజు వరకు పర్వాలేదు అని చెప్పే లెక్క ఏదీ లేదు, కళ్ళకి కనపడి ముక్కుకి తెలుస్తున్నప్పుడు రిపోర్టుతో కొత్తగా తేలేదేమీ ఉండదు. నల్లది ప్రమాదం, పచ్చది పర్వాలేదు అనే మాట కూడా నమ్మకండి, ఏ రంగుదైనా తీసేయాల్సిందే.

ఇప్పుడు ఆప్షన్లకి వద్దాం.

మందు పొగ, ఫాగింగ్. చవక, తొందర, వాసన వెంటనే పోతుంది, అందుకే అందరూ దీనికే పడిపోతారు. కానీ చచ్చిన బూజు కూడా ఎలర్జీ చేస్తుంది, అది డక్ట్‌లోనే ఉండిపోతే మా అత్తయ్య లాంటి వాళ్ళకి ఒరిగేదేం లేదు. అదీగాక గ్లాస్‌వూల్ లైనింగ్‌లోకి మందు కొడితే ఆ మందు అందులోనే ఇంకి రోజూ గాలితోపాటు మనమీదికి వస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ గ్లాస్‌వూల్ డక్ట్‌ల లోపల వాడమని ఇలాంటి మందు దేనికీ రిజిస్ట్రేషన్ ఇవ్వలేదని చెప్తుంది. ఓజోన్ మెషిన్ పెడతాం అనేవాళ్ళు కూడా ఉన్నారు, ఆయాసం ఉన్న మనిషి ఉన్న ఇంట్లో దాన్ని అస్సలు రానివ్వకండి, ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేస్తుంది. ఈ ఆప్షన్ నా వరకు లిస్టులోనే లేదు.

బ్రష్, వాక్యూమ్‌తో డక్ట్ క్లీనింగ్. మీ డక్ట్ లోపల ఉత్త జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన ఇనప రేకు, అయితే ఇది నిజంగా పనిచేస్తుంది, బూజు రేకులోకి ఇంకదు, పైనే ఉంటుంది, తోమితే వస్తుంది. కానీ చేసే పద్ధతి ముఖ్యం, పెద్ద వాక్యూమ్ డక్ట్‌కి తగిలించి లోపలి గాలంతా దానివైపే లాగుతూ ఉండగా బ్రష్ తిప్పాలి, అలా కాకుండా ఇంట్లో వాడే వాక్యూమ్ గొట్టం గ్రిల్‌లోకి దూర్చి తిప్పితే ఉన్న బూజంతా లేచి గదుల్లో పడుతుంది. ఇదే ఈపీఏ ఇంకో మాట కూడా అంటుంది, డక్ట్ క్లీనింగ్ వల్ల జబ్బులు రాకుండా ఆగుతాయని ఇంతవరకు రుజువు కాలేదని, ఏటేటా మామూలుగా చేయించుకోవాల్సిన పని కాదని, బూజు బాగా కనపడితేనో, ఎలుకలు పురుగులు చేరితేనో, దుమ్ముతో మూసుకుపోతేనో చేయించుకోమని. కాబట్టి సంవత్సరం కాంట్రాక్టు పేరుతో అమ్మేవాళ్ళకి నో చెప్పేయొచ్చు. మా సంగతి వేరే, మాది గ్రిల్ బాక్సుల్లో గ్లాస్‌వూల్, బాక్సు వరకు ఫ్లెక్సిబుల్ డక్ట్, అంటే ఏనుగు తొండంలా ముడతలు ముడతలుగా వెండి రంగులో ఉండే గొట్టం. దాంట్లో బ్రష్ తిప్పితే లోపలి పల్చటి పొర చిరుగుతుంది. ఆ 22,000 పెట్టి ఉంటే డబ్బూ పోయేది, గొట్టమూ పోయేది.

కాయిల్, గాలిని తోసే బ్లోయర్ విప్పి పూర్తిగా కడిగించడం. చాలామంది దీన్ని డక్ట్ పనికి సంబంధం లేని మామూలు సర్వీస్ అనుకుంటారు, నా ఉద్దేశంలో మొదట డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. ఎక్కువ తడి ఉండేది కాయిల్, ట్రే, బ్లోయర్ దగ్గర, విత్తులు అక్కడ పండి డక్ట్ పొడుగునా గాలితో చెదిరి పడతాయి. మామూలు సర్వీస్ అంటే ఫిల్టర్ కడిగి, కాయిల్ మీద కొంచెం నీళ్ళు కొట్టి, గ్యాస్ చెక్ చేసి పోతారు, బ్లోయర్ డ్రమ్ము ముట్టుకోరు. మేము ఆ డ్రమ్ము బయటికి తీయించాం, బాల్కనీలో పెట్టి బ్రష్‌తో రుద్దితే రెక్కల మధ్య నుంచి తడి బొగ్గుపొడి లాంటిది పేళ్ళు పేళ్ళుగా ఊడింది, బకెట్ నీళ్ళు మూడుసార్లు మార్చాల్సొచ్చింది. మేము రోజూ పీలుస్తున్న గాలి దీని మీద నుంచే కదా వచ్చింది అనిపించి నాకు చాలా బాధేసింది. కాయిల్ కడగడానికి ఘాటైన కెమికల్ వద్దని చెప్పండి, సముద్రం గాలికే మన దగ్గర అల్యూమినియం రెక్కలు పాడైపోతుంటాయి, అల్యూమినియంని తినని కాయిల్ క్లీనర్ వాడి తర్వాత మంచినీళ్ళతో బాగా కడగాలి. ట్రే, రేకు లాంటివాటికి డిటర్జెంట్ నీళ్ళు, బ్రష్ చాలు. బ్లీచ్‌ని యాసిడ్‌తో గానీ అమోనియా ఉన్న క్లీనర్‌తో గానీ పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది.

తడిసిన భాగాలు పీకి కొత్తవి వేయించడం. గ్లాస్‌వూల్‌కి గానీ ఫ్లెక్సిబుల్ గొట్టానికి గానీ బూజు పడితే దీనికి ప్రత్యామ్నాయం లేదు, పీల్చుకునే సరుకుని పూర్తిగా శుభ్రం చేయలేం, తీసేయాల్సిందే. వినడానికి పెద్ద పనిలా ఉంటుంది కానీ డక్ట్ మొత్తం మార్చక్కర్లేదు, మాకు రెండు గొట్టాలు, మూడు బాక్సుల లైనింగ్ మాత్రమే మార్చారు, లోపల గ్లాస్‌వూల్ బదులు బాక్సు బయట నైట్రైల్ రబ్బర్ ఇన్సులేషన్ చుట్టించాం, ఇప్పుడు లోపల ఉత్త రేకు కాబట్టి గ్రిల్ విప్పి గుడ్డ పెట్టి తుడుచుకోవచ్చు. గాలి చప్పుడు మునుపటికన్నా కొంచెం పెరిగింది, అది నిజం. ఫాల్స్ సీలింగ్ కోయాల్సొచ్చినప్పుడే మెషిన్ కింద రెండడుగుల తలుపు ఒకటి పెట్టించుకోండి, మా ఇంట్లో ఆ తలుపు చిన్నగా ఉండబట్టే పాత సర్వీస్ వాళ్ళెవరూ ట్రే దాకా వెళ్ళలేదు.

అప్పుడే ఇంకోటి బయటపడింది. మాకు రిటర్న్ డక్టే లేదు, ఫాల్స్ సీలింగ్ పైనున్న ఖాళీ జాగాలోంచే మెషిన్ గాలి పీలుస్తోంది. చాలా ఫ్లాట్లలో ఇలాగే చేస్తారు, ఖర్చు తగ్గుతుందని. అంటే ఆ పైనున్న సిమెంటు దుమ్ము, చెక్కపొట్టు, వైర్ల మధ్య సాలెగూళ్ళు, అన్నీ నేరుగా మెషిన్‌లోకి. రిటర్న్ గ్రిల్ నుంచి మెషిన్ వరకు రేకు బాక్సు కట్టించాం. మొత్తం అన్నీ కలిపి 38,000 అయింది, 4,500తో పోలిస్తే చాలా ఎక్కువే, కానీ 4,500 పనికి వాసన మళ్ళీ వచ్చినప్పుడల్లా మళ్ళీ 4,500 కట్టాలి. మీ రేట్లు మీ ఇంటి సైజుని బట్టి వేరేగా ఉంటాయి.

యూవీ లైటు. కాయిల్‌కి ఎదురుగా పెట్టి ఎప్పుడూ వెలిగేలా ఉంచితే కాయిల్ మీదా ట్రేలోనూ కొత్త బూజు పెరగకుండా ఆపుతుంది, సుమారు 254 నానోమీటర్ల కిరణాలు ఆ పని చేస్తాయి. వెలుగు పడినచోటే పనిచేస్తుంది కాబట్టి డక్ట్ మలుపు అవతల ఉన్న బూజుని ఏమీ చేయలేదు, ఉన్న మురికిని తీయదు. తలుపు తీయగానే లైటు ఆరిపోయే స్విచ్ ఉండాలి, కళ్ళకీ చర్మానికీ మంచిది కాదు. అంతా బాగు చేయించాక ఇంట్లో ఆస్తమా మనిషి ఉంటే ఆలోచించొచ్చు, మేము పెట్టించలేదు.

డక్టబుల్ తీసేసి గోడ స్ప్లిట్లు పెట్టుకోవడం. మెషిన్ బాగా పాతదై గ్యాస్ లీకులు కూడా మొదలైతే, లేదా వరద నీళ్ళో టెర్రస్ నీళ్ళో డక్ట్ మొత్తాన్ని తడిపేస్తే నేనైతే ఇదే చేస్తాను. స్ప్లిట్‌కి డక్టే ఉండదు, ఫిల్టర్ మన చేతికందుతుంది. కాకపోతే పాత డక్ట్‌ని పైన అలాగే వదిలి గ్రిల్‌కి పేపర్ అతికించి ఊరుకోకండి, బూజు పట్టినదంతా బయటికి పోవాలి. స్ప్లిట్‌కి బూజు పట్టదా అంటే పడుతుంది, గాలి వచ్చే సందులోంచి టార్చ్ వేసి చూడండి, గుండ్రంగా తిరిగే బ్లోయర్ కనపడుతుంది, దాని మీద నల్ల నూగు ఉంటే షాపులో దొరికే ఫోమ్ స్ప్రే సరిపోదు, అది కాయిల్ రెక్కల వరకే పోతుంది, పైగా ఊడిన మురికి ట్రేలో చేరి డ్రెయిన్ మూసేస్తుంది. దానికి కింద సంచి కట్టి నీళ్ళతో కొట్టే జెట్ వాష్ చేయించండి, పీసీబీ, అంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు, మీద నీళ్ళు పడకుండా కప్పమని ముందే చెప్పండి.

పని చేయించే రోజు పెద్దవాళ్ళని, చిన్నపిల్లల్ని ఆ ఇంట్లో ఉంచకండి, మా అత్తయ్యని మా ఆడపడుచు ఇంటికి పంపించాం. మంచాలు, సోఫాలు ప్లాస్టిక్‌తో కప్పించి, పీకిన గ్లాస్‌వూల్‌ని పైనే సంచిలో కట్టి దించమనండి, విడిగా హాల్లోంచి మోసుకెళ్తే పొడి అంతా రాలుతుంది. డబ్బులిచ్చే ముందు ట్రేలో ఒక చెంబు నీళ్ళు పోయించి ఏసీ నడుస్తుండగానే దిగుతున్నాయా లేదా చూడండి, ఏసీ ఆగి ఉన్నప్పుడు చూపిస్తే ఒప్పుకోవద్దు, అసలు తేడా తెలిసేది ఫ్యాన్ తిరుగుతున్నప్పుడే. బ్లోయర్ మీద తెల్ల గుడ్డతో తుడిచి చూడండి.

తర్వాత మేము మార్చుకున్నవి కొన్ని చిన్న అలవాట్లే. ఇంతకుముందు 18లో పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్ళం, ఇప్పుడు 25, గ్రిల్స్‌కి చెమట పట్టడం ఆగిపోయింది. ఫ్యాన్‌ని ఆటోలో పెట్టాం, ఎందుకంటే కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాయిల్ మీద నీళ్ళు మళ్ళీ గాలిలో కలిసి గదిలోకే వస్తాయి. పొద్దున్న పూర్తిగా ఆపేసేటప్పుడు మాత్రం ఓ పావుగంట ఉత్త ఫ్యాన్ నడిపి కిటికీ తీస్తాం, లోపల ఆరుతుంది, ఆ కాసేపటి తేమ బయటికి పోతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చలిగా ఉండి ఏసీ వేయని రోజుల్లో కూడా వారానికి రెండుసార్లు డ్రై మోడ్‌లో గంటసేపు వేస్తాను.

అద్దె ఇల్లయితే గ్లాస్‌వూల్, పైపు వాలు, రిటర్న్ బాక్సు ఇవన్నీ నా ఉద్దేశంలో ఓనరు చేయించాల్సిన పనులు, ఫిల్టరూ గ్రిల్లూ మనవి. మా తమ్ముడు వేలచేరిలో ఇల్లు చూస్తున్నాడు, డక్టబుల్ ఏసీ ఉందని మురిసిపోతుంటే నేను వెంట వెళ్ళాను, ఏసీ వేయించి పది నిమిషాలు కూర్చుని, ఒక గ్రిల్ విప్పించి వీడియో తీశాం. బాక్సు లోపల తెల్లటి గ్లాస్‌వూల్ మీద అరచెయ్యంత నల్ల మరక ఉంది. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ వీడియో ఓనరుకి వాట్సాప్‌లో పంపించి, లైనింగ్ మార్పించి డ్రెయిన్ చూపిస్తేనే సంతకం పెడతానన్నాడు, ఆయన వారం టైమ్ అడిగారు.